బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ సగం మందికే పోతుంటే

దేవరకొండ లైబ్రరీ నుంచి వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో, అంటే ఒకే మెసేజ్‌ను లిస్టులోని వాళ్లందరికీ విడివిడిగా పంపే పద్ధతిలో, పంపేది సగం మందికే చేరుతోందని అడిగారు. తప్పు మీ ఫోన్‌ది కాదు, నెట్‌ది కాదు. పాఠకులందరి నంబర్లూ మీ దగ్గర సేవ్ అయి ఉన్నాయన్నారు. కానీ వాళ్ల ఫోన్లలో మీ నంబర్ సేవ్ అయి ఉందా? లేకపోతే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ వాళ్లకు చేరదు. మీకు ఎర్రర్ కూడా చూపించదు, అందుకే చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

1. పంపిన మెసేజ్‌ను నొక్కి పట్టుకుని ఇన్ఫో తెరవండి. డెలివర్ అయినవాళ్ల పేర్లు కనిపిస్తాయి. మిగిలినవాళ్లను కాగితం మీద రాసుకోండి.

2. సెట్టింగ్స్‌లో మీ పేరు పక్కనున్న క్యూఆర్ కోడ్‌ను ప్రింట్ తీసి, పుస్తకాలు ఇచ్చే కౌంటర్ మీద అతికించండి. స్కాన్ చేస్తే సరిపోదు, సేవ్ నొక్కాలి. పుస్తకం మీద తేదీ ముద్ర వేసేలోపు ఆ పని మీ కళ్లముందే చేయించండి. పెద్దవాళ్లయితే ఫోన్ అడిగి తీసుకుని మీరే "లైబ్రరీ" అని సేవ్ చేసివ్వండి. అసలు పని ఇదే, ఓపిగ్గా చేయాలి.

3. మర్నాడు ఒక్క లైను పంపి మళ్లీ ఇన్ఫో చూడండి.

ఒక లిస్టులో 256 మందే పడతారు. దాటితే రెండో లిస్టు పెట్టుకోండి.

వాట్సాప్ గ్రూపు మాత్రం వద్దు. గ్రూప్-2, డీఎస్సీ పరీక్షలకు చదువుకోవడానికి వచ్చే ఆడపిల్లల నంబర్లు అందరికీ కనిపిస్తాయి. పాఠకులు పెరిగితే వాట్సాప్ ఛానెల్ పెట్టండి. అందులో ఒకరి నంబర్ ఇంకొకరికి తెలియదు, మీ నంబర్ సేవ్ చేసుకోవాల్సిన పనీ ఉండదు.