రోబో ముందే ఊహించేలా చేయాలంటే ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న: బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మోటారు తిప్పితే సెన్సర్లు ఏం చూపిస్తాయో రోబో ముందుగానే అంచనా వేసే ‘వరల్డ్ మోడల్స్’పై పరిశోధన చేయాలని ఉంది. ఏఐ సర్టిఫికెట్ కోర్సులో చేరమంటారా? - ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: ఆ ఫీజు డబ్బుతో చిన్న రోబో తయారు చేసుకోండి. 2006లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఒక నాలుగు కాళ్ల రోబో తన శరీర నిర్మాణాన్ని కదలికల ద్వారానే తెలుసుకుంది. కాలు కొంత తీసేస్తే అంచనాలు తప్పుతున్నాయని గుర్తించి, కొత్త నడక వెతుక్కుంది. 2022లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (బర్క్‌లీ) బృందం రోబో సుమారు గంటలో నడక నేర్చింది, అదీ కంప్యూటర్‌లో ముందుగా సాధన చేయించే సిమ్యులేటర్ లేకుండా. ఈ పనిలో అసలు సూత్రం చిన్న బండి మీద కూడా పట్టుబడుతుంది.

ఎన్‌కోడర్లు (చక్రం ఎంత తిరిగిందో కొలిచేవి) ఉన్న రెండు మోటార్లు, మోటార్ డ్రైవర్, వాటిని నడిపే ఈఎస్‌పీ-32 కంట్రోలర్ బోర్డు, కదలికనూ తిరుగుడు వేగాన్నీ (జైరో) కొలిచే ఎంపీయూ-6050 సెన్సర్, బ్యాటరీ చాలు. ఇప్పటి రీడింగులు, మోటార్లకిచ్చిన ఆదేశం, బ్యాటరీ వోల్టేజి సెకనుకు 50 సార్లు రికార్డు చేయండి. 20 నిమిషాలకు 60 వేల వరుసలొస్తాయి. ఆదేశాలు ఎలా పడితే అలా మారుతుండాలి. బండిని ఎప్పుడూ నేరుగానే నడిపితే మలుపుల గురించి మోడల్‌కు ఏమీ తెలియదు. 64 న్యూరాన్ల చొప్పున రెండు పొరలున్న న్యూరల్ నెట్‌వర్క్‌ను పైటార్చ్ అనే ఉచిత పైథాన్ లైబ్రరీలో రాసి, తర్వాతి రీడింగుకు బదులు ఇప్పటికీ అప్పటికీ వచ్చే తేడాను అంచనా వేయించండి.

ఇక్కడే చాలామంది మోసపోతారు. 20 మిల్లీసెకన్లలో రీడింగు పెద్దగా మారదు కాబట్టి, ‘ఏమీ మారదు’ అని చెప్పే మోడల్‌కూ మంచి మార్కులే వస్తాయి. ముందు దాంతో పోల్చండి. తర్వాత మోడల్ అంచనానే మళ్లీ దానికి ఇస్తూ వరుసగా 50 సార్లు, అంటే ఒక సెకను ముందు వరకు అంచనా వేయించండి. తప్పులు ఒకదానిపై ఒకటి పేరుకుని అసలు రంగు అప్పుడు బయటపడుతుంది. వరుసలను కలగాపులగం చేసి అందులోంచి టెస్ట్ డేటా తీయొద్దు. పక్కపక్క వరుసలు దాదాపు ఒకటే కాబట్టి ఫలితం అబద్ధమాడుతుంది. పరీక్షకు ఒక పూర్తి రన్‌ను విడిగా ఉంచండి. బ్యాటరీ తగ్గేకొద్దీ అదే ఆదేశానికి చక్రం నెమ్మదిస్తుంది, వోల్టేజిని ఇన్‌పుట్‌గా ఇవ్వమనేది అందుకే. బండి కదలకముందు రెండు మూడు సెకన్ల జైరో సగటు తీసి, దాన్ని ప్రతి జైరో రీడింగు నుంచీ తీసేయండి; కదలకుండా ఉన్నా జైరో చూపే తప్పు అలా పోతుంది.

ఇప్పుడు నడుస్తున్న బండి చక్రాన్ని వేలితో ఆపి చూడండి. అంచనాకూ ఎన్‌కోడర్ రీడింగుకూ మధ్య తేడా ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఏదో అడ్డుపడిందని రోబోకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చూడటానికి ఎంత బాగుంటుందో!

కాలేజీ సిలబస్‌లో లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, కంట్రోల్ సిస్టమ్స్ వదలొద్దు. సెన్సర్ రీడింగుల్లోని తప్పులను సరిచేసే గణిత పద్ధతి కాల్మన్ ఫిల్టర్ చేసేదీ ఇదే: ఊహించడం, పోల్చడం, దిద్దుకోవడం. తర్వాతి మెట్టుకు ఉచిత సిమ్యులేటర్ ముజోకో ఉంది. ఉన్నత చదువుకు 2024లో మొదలైన గేట్ డేటా సైన్స్, ఏఐ పేపర్ ఒక దారి. హైదరాబాద్ ట్రిపుల్‌ఐటీలో రోబోటిక్స్ పరిశోధన కేంద్రం ఉంది, అక్కడ ఎంఎస్ బై రీసెర్చ్‌కు పీజీఈఈ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటర్న్‌షిప్ కోసం ప్రొఫెసర్లకు రాసేటప్పుడు రెజ్యూమెతో పాటు ఆ ఒక్క సెకను అంచనానూ అసలు రీడింగునూ పోల్చే గ్రాఫ్, కోడ్ లింకు, మోడల్ ఎక్కడ తప్పుతోందో మూడు వాక్యాలు జతచేయండి.