‘వల్ల’ అనాలా, ‘బట్టి’ అనాలా?

సందేహం: ‘రక్తంలో సీఈఏ పెరగడం వల్ల పెద్దపేగు క్యాన్సర్ రోగి ఆయుర్దాయం తగ్గుతుందని నిర్ధారించవచ్చు’ అని ఒక ఆరోగ్య కరపత్రంలో చదివాను. ఈ వాక్యం సరైనదేనా? ‘ఆయుర్దాయం’ అనాలా, ‘మనుగడ’ అనాలా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: ఈ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు కానీ అర్థదోషం ఉంది, దానికి మూలం ‘వల్ల’. బడిలో వల్లె వేసిన విభక్తుల్లో వలన (వల్ల), కంటె, పట్టి (బట్టి) మూడూ పంచమివే. అయినా నేటి వాడుకలో ‘వల్ల’ కారణాన్ని చెబుతుంది, ‘ను బట్టి’ ఎక్కువగా ఆధారాన్ని చెబుతుంది. వాన వల్ల చెరువు నిండుతుంది. మత్తడి (అలుగు) దుంకడాన్ని బట్టి చెరువు నిండిందని తెలుసుకుంటాం. మత్తడి దుంకడం వల్లనే చెరువు నిండిందని వరంగల్ పల్లెల్లో చిన్నపిల్లలు కూడా అనరు.

సీఈఏ (కార్సినో ఎంబ్రియానిక్ యాంటిజెన్) అన్నది 1965లో మాంట్రియల్ పరిశోధకులు ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ వెల్లడించిన ప్రోటీన్. కణితి నుంచి అది రక్తంలోకి చేరుతుంది కనుక వైద్యులు దాన్ని వ్యాధికి ఆనవాలుగా చూస్తారు. రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గడం, తెల్ల రక్తకణాల్లో లింఫోసైట్లు అనే రకంతో పోలిస్తే న్యూట్రోఫిళ్లు అనే రకం పెరగడం కూడా ఇటువంటి సూచికలే. ‘వల్ల’ అని రాస్తే, రిపోర్టులో మిల్లీలీటరుకు 5 నానోగ్రాములు దాటిన సీఈఏ అంకెను చూసిన కుటుంబం ఆ అంకెనే రోగమనుకొని, దాన్ని దించే మందు కోసం తిరిగే ప్రమాదం ఉంది. పొగతాగేవారిలోనూ, కొన్ని కాలేయ వ్యాధుల్లోనూ సీఈఏ పెరుగుతుంది. కణితిని పూర్తిగా తీసేశాక, అంతకుముందు పెరిగి ఉన్న సీఈఏ సాధారణంగా 4 నుంచి 6 వారాల్లో మామూలు స్థాయికి దిగుతుంది. ఆ తర్వాత మళ్లీ పెరుగుతూ పోతే, వ్యాధి తిరగబెట్టిందేమోనని స్కానింగ్ చేయిస్తారు.

ఇక్కడ ‘నిర్ధారించు’ కూడా తగదు. క్యాన్సర్‌ను నిర్ధారించేది ముక్క పరీక్ష (బయాప్సీ). రక్త సూచికలతో చేసేది అంచనా మాత్రమే.

‘ఆయుర్దాయం’ జనాభా లెక్కల్లో పుట్టిన బిడ్డ సగటున ఎన్నేళ్లు బతుకుతుందో చెప్పే మాట, జాతకాల్లో ఒకరికి రాసిపెట్టి ఉందనుకునే కాలం. ‘రా’ నుంచి రాకడ, ‘పో’ నుంచి పోకడ వచ్చినట్టే, బతకడమనే అర్థమున్న ‘మను’ ధాతువు నుంచి ఏర్పడిన ‘మనుగడ’ ఇక్కడ సరైనది. అయితే ఐదేళ్ల మనుగడ రేటు అంటే, వ్యాధి బయటపడిన వందమందిలో ఐదేళ్ల తర్వాత ఎందరు బతికి ఉన్నారన్న లెక్క. అది మంచం మీద ఉన్న ఒక మనిషికి పెట్టిన గడువు కాదు. అందుకే ‘రోగి’ అన్న ఏకవచనాన్ని కూడా మార్చి, ‘వ్యాధి దశతో పాటు రక్తంలోని సీఈఏ వంటి సూచికలను బట్టి పెద్దపేగు క్యాన్సర్ రోగుల మనుగడను వైద్యులు అంచనా వేస్తారు’ అని రాయాలి.