ఏళ్లు ఎటు పోతున్నాయని అడిగిన మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

నీ మెసేజ్‌కి వాట్సాప్‌లోనే జవాబిద్దామనుకున్నాను గానీ, ఆ బుల్లి అక్షరాల మీద ఇంత సంగతి కొట్టడం నా వల్ల కాదు. అందుకే కాగితం తీశాను. "మొన్ననే గుమ్మంలో గొబ్బెమ్మలు పెట్టినట్టుంది, అప్పుడే దసరా వెళ్లిపోయింది. ఏళ్లు ఎటు పోతున్నాయో తెలియట్లేదు, టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటావు మామయ్యా" అని అడిగావు. టెన్షన్ పడాల్సిన జబ్బేమీ కాదిది. నలభై దాటినవాళ్లు నలుగురు కలిస్తే ముందు వచ్చే మాటే ఇది. దీనికి కొంత మందు ఉంది. పూర్తిగా నయం కాదు, కొంత.

మీ ఆయన చెప్పాడన్నావే, ఆ వంతుల లెక్క, అది పాతదే. అయిదేళ్ల పిల్లకి ఏడాదంటే తను బతికినదాంట్లో అయిదో వంతు, నీకు నలభై అయిదో వంతు, అందుకే చిన్నదిగా కనిపిస్తుందని. పాల్ జానే అనే ఫ్రెంచి తత్వవేత్త పంతొమ్మిదో శతాబ్దంలోనే ఈ మాట అన్నాడు. వినడానికి ముచ్చటగా ఉంటుంది గానీ నాకు పూర్తిగా ఎక్కదు. ఆ లెక్కన డెబ్భై దాటిన నాకు ఒక మధ్యాహ్నం చిటికెలో అయిపోవాలి. టోకెన్ పట్టుకుని డాక్టరు గది ముందు కూర్చుని చూడు, గంట రెండు గంటలంత అవుతుంది. వయసు చూసి గంటేమీ తగ్గదు.

విట్‌మన్, లేన్‌హాఫ్ అనే ఇద్దరు పరిశోధకులు 14 నుంచి 94 ఏళ్ల దాకా ఉన్న దాదాపు 500 మందిని అడిగి 2005లో ఒక పరిశీలన ప్రచురించారు. పోయిన వారం, పోయిన నెల ఎలా గడిచాయంటే చిన్నవాళ్ల జవాబుకీ పెద్దవాళ్ల జవాబుకీ పెద్దగా తేడా లేదు. పోయిన పదేళ్లు ఎలా గడిచాయని అడిగేసరికి పెద్దవాళ్లు ఇట్టే గడిచిపోయాయన్నారు. అంటే రోజు గడిచేటప్పుడు పరిగెత్తట్లేదు, వెనక్కి తిరిగి చూసుకుంటే పొట్టిగా కనిపిస్తోంది. నువ్వు ముందు పట్టుకోవాల్సింది ఈ తేడానే.

నేను రైల్వే కంట్రోల్ ఆఫీసులో పనిచేసిన రోజులు నీకు తెలుసుగా. విజయవాడ నుంచి గూడూరు వైపు సెక్షన్ చూసేవాణ్ణి. బల్ల నిండా పరిచిన పెద్ద చార్టు. అడ్డంగా గంటలూ నిమిషాలూ, నిలువుగా దుగ్గిరాల, తెనాలి, నిడుబ్రోలు, బాపట్ల, చీరాల, అలా స్టేషన్లన్నీ. స్టేషన్ మాస్టర్లు ఫోన్లో బండి దాటిన టైము చెప్తుంటే స్కేలు పెట్టి పెన్సిల్‌తో గీత లాగాలి. అన్ని బండ్లూ రైట్ టైమ్‌లో నడిచిన రోజు గీతలన్నీ ఏటవాలుగా, శుభ్రంగా పక్కపక్కన పడతాయి. అలాంటి చార్టులు ఓ పది తెచ్చి తేదీలు మూసి చూపిస్తే ఏది ఏ రోజుదో గీసినవాడు కూడా చెప్పలేడు. 1990 మే తుపాను రాత్రి చార్టు వేరు. ఏటవాలు గీతలు ఎక్కడికక్కడ అడ్డం తిరిగి అలాగే సాగిపోయాయి. ఆగిపోయిన బండంటే అడ్డగీతే మరి. రబ్బరు పెట్టి చెరిపీ చెరిపీ కాగితం పలచబడిపోయింది, మార్జిన్ నిండా రాతలే. ఆ ఒక్క చార్టు ఇప్పటికీ నా కళ్లకు కడుతుంది.

మన జ్ఞాపకం కూడా ఇదే పద్ధతి. ఒకేలా గడిచిన రోజులన్నిటినీ ఒక్క రోజుగా దాచుకుంటుంది. విలియం జేమ్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1890లోనే, అనుభవం అలవాటుగా మారేకొద్దీ రోజులూ వారాలూ విడివిడిగా గుర్తుండకుండా కలిసిపోతాయని రాశాడు.

నమ్మకం కుదరకపోతే నీ జీవితాన్నే పుష్కరాలతో కొలిచి చూడు. నువ్వు పుట్టింది 1980 కృష్ణా పుష్కరాల ఏడాది. 1992 పుష్కరాలకు పన్నెండేళ్ల పిల్లవి, స్నానం చేయనని ఘాట్ మెట్ల మీద మొండికేశావు. 2004 నాటికి పెళ్లయింది. ఆ పన్నెండేళ్లలో టెన్త్, ఇంటర్, డిగ్రీ, బ్యాంకు పరీక్షలు, మొదటి జీతం, పెళ్లిచూపులు, అన్నీ ఉన్నాయి. చెప్పమంటే రాత్రంతా చెప్తావు. 2004 నుంచి 2016 దాకా చెప్పమంటే పిల్లల పుట్టుక, ఇల్లు కొనడం, ఆ తర్వాత కాస్త తడుముకుంటావు. 2016లో పద్మావతి ఘాట్‌లో పిల్లలతో మునిగావు. అప్పట్నుంచి ఇప్పటిదాకా? అదే బ్రాంచి, అదే బ్రాడీపేట, అదే క్యారేజీ. పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య సంగతులే మనుషులకు ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రం చెప్పేది కూడా ఇందుకే. మొదటిసారి జరిగేవన్నీ ఆ వయసులోనే కదా జరిగేది.

2020 లాక్‌డౌన్ గుర్తు తెచ్చుకో. ఒక్కో మధ్యాహ్నం ఎంతకీ పొద్దు గడవలేదు. ఇప్పుడు చూస్తే ఆ ఏడాదే గల్లంతు. మిషెల్ సిఫ్ర్ అనే ఫ్రెంచి కుర్రాడు 1962లో ఇంకా ఘోరంగా చేశాడు. గడియారం లేకుండా ఆల్ప్స్ కొండల్లో ఒక గుహలోకి దిగి రెండు నెలలు ఉన్నాడు. ప్రయోగం అయిపోయిందని పైనుంచి చెప్పేటప్పటికి సెప్టెంబరు 14. తన లెక్కలో ఇంకా ఆగస్టు 20! గుర్తు పెట్టుకోవడానికి పగలూ రాత్రీ కూడా లేని చోట దాదాపు పాతిక రోజులు మాయమైపోయాయి.

ఇక ఏం చేయాలంటావా. ముందు, చేయకూడనిది చెప్తాను. ఏళ్లు జారిపోతున్నాయని క్యాలెండరు నింపేయకు. నెలకి నాలుగు ఫంక్షన్లకు వెళ్లొస్తావు. అదే కల్యాణ మండపం, అదే బఫే, స్టేజీ ఎక్కి కవర్ చేతిలో పెట్టి ఫోటో దిగడం. చీర మారుతుందంతే. ఆరు నెలల తర్వాత ఏ పెళ్లిలో ఏం తిన్నావో చెప్పు చూద్దాం. వెళ్లొద్దనను, బంధువులు ఊరుకోరు. దాన్ని మాత్రం ఈ మందు కింద లెక్కెయ్యకు.

ఫోన్ సంగతి ఒక్క ముక్కలో తేలుస్తాను. రాత్రి పడుకునే ముందు గంటసేపు చూసిన రీల్స్‌లో మూడు చెప్పు. చెప్పలేవు.

చేయాల్సింది మొదటిది, ఏమీ రాని పని ఒకటి మొదలుపెట్టడం. బాగా వచ్చిన పనికి మెరుగులు దిద్దడం వేరు, అది పనికిరాదు. రిటైరయ్యాక నేను సంగీతం మొదలుపెట్టానని మీరంతా నవ్వారు. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు, పక్కన రెండో తరగతి పిల్ల. ఆ పిల్లకి రెండు రోజుల్లో వచ్చేది నాకు రెండు వారాలు పట్టేది. నా గొంతు సంగతి వదిలేయ్, మీ అత్తయ్య తలుపేసుకునేది. కానీ ఆ ఏడాది నాకు నెల నెలా విడివిడిగా గుర్తుంది. దాని ముందరి ఏడాదీ తర్వాతి ఏడాదీ చెప్పమంటే తెల్లమొహం వేస్తాను. నీకు సంగీతమే అక్కర్లేదు. ఈత రాదు కదా నీకు, అది నేర్చుకో. కొండపల్లి వెళ్లి పొణికి కర్ర చెక్కేవాళ్ల దగ్గర ఓ పూట కూర్చుని బొమ్మలు ఎలా అవుతాయో చూడు.

రెండోది, రోజుకి ఒక్క వాక్యం రాయి. డైరీ కాదు, అది నువ్వు వారంలో మానేస్తావు. "ఆఫీసుకి వెళ్లాను" అని రాయకూడదు. ఆ రోజు తప్ప మరే రోజూ రాయలేని మాట అయ్యుండాలి. "కౌంటర్ దగ్గర ఓ ముసలాయన పెన్షన్ డబ్బులోంచి మనవడికి కొత్త పదిరూపాయల నోట్లు ఏరుకున్నాడు", ఇలా. రాయాలి కదాని పగలంతా కళ్లు తెరుచుకుని చూస్తావు. అసలు లాభం అదే. నెలాఖరున ఓసారి చదువుకో.

ఇంకో సంగతి. కాలం నెమ్మదిగా నడవాలని మరీ కోరుకోకు. భయమేసినప్పుడు అది దానంతటదే సాగుతుంది. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో డేవిడ్ ఈగిల్‌మన్ బృందం మనుషుల్ని 31 మీటర్ల ఎత్తు నుంచి వలలోకి వదిలింది. పక్కవాళ్లు పడటానికి పట్టిన టైము కన్నా తాము పడిన టైము సగటున 36 శాతం ఎక్కువన్నారు వాళ్లు. పడేటప్పుడు వాళ్ల కళ్లేమీ వేగంగా పనిచేయలేదని కూడా ఆ బృందం పరీక్షించి చూసింది, జ్ఞాపకమే గట్టిగా పడిందన్నమాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ మేడల మీద కరెంటు లేకుండా, డ్రోన్లు తెచ్చే పొట్లాల కోసం పైకి చూస్తూ కూర్చున్నవాళ్లని అడుగు, ఆ నాలుగు రోజులు ఎంత పొడుగో చెప్తారు. అలాంటి పొడుగు ఎవరికి కావాలి? పొద్దున కాఫీ, దీపం, బస్సు, లెడ్జరు, ఇవన్నీ అలవాటు మీద గబగబా గడిచిపోతేనే సుఖం. రైట్ టైమ్‌లో నడిచిన రోజు కంట్రోల్ ఆఫీసులో ఎవరూ ఏడవలేదు. నెలకి రెండు మూడు రోజులు విడిగా గుర్తుండేలా చేసుకుంటే చాలు.

2028లో మళ్లీ పుష్కరాలు. అప్పటికి నలభై ఎనిమిది వస్తాయి నీకు. అంతవరకూ ఆగకుండా, వచ్చే నెల రెండో శనివారం మీ బ్యాంకుకి సెలవే కదా, పొద్దున్నే బయలుదేరు. వారం వారం గుంటూరు నుంచి విజయవాడ వస్తూ తాడేపల్లి దాటుతావు, ఉండవల్లి గుహలు స్కూలు ఎక్స్‌కర్షన్‌లో చూడటమే, మళ్లీ ఎక్కలేదు. పైన అనంతపద్మనాభుడు ఒకే రాతిలో ఎంత పొడుగున పడుకుని ఉంటాడో నీకిప్పుడు గుర్తుండదు. మీ అమ్మని కూడా తీసుకురా. మెట్లు ఎక్కలేకపోతే కింద చెట్టు నీడన కూర్చుంటుంది, పులిహోర తనే కలుపుతానంటోంది. మీవాణ్ణి ఫోన్ ఇంట్లో పెట్టి రమ్మను. వాడు వినడు, అయినా చెప్పు.

ఇట్లు,
మామయ్య
సత్యనారాయణపురం, విజయవాడ