బెంగళూరులో అమ్మగారికి, పిల్లలకు సరిపడే హోటళ్లు

నమస్తే అండీ. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు, ఇద్దరు పిల్లలు, మూడు రోజుల బెంగళూరు, ఎక్కడ తినాలో చెప్పండి, మాల్ రేట్లు వద్దు అన్నారు కదా. మీ విషయంలో రుచి కంటే ముందు కుర్చీ చూసుకోవాలి. అక్కడి దర్శినుల్లో (త్వరగా తిని వెళ్లే చిన్న టిఫిన్ హోటళ్లు) చాలావాటిలో టోకెన్ తీసుకుని నిలబడే తినాలి. శంకరపురం బ్రాహ్మిన్స్ కాఫీ బార్‌లో ఇడ్లీ, చట్నీ నాకు ప్రాణం. కానీ అక్కడా నిలబడే తినాలి, సాంబారు కూడా ఇవ్వరు.

అమ్మగారితో అయితే లాల్‌బాగ్ రోడ్డు ఎం.టి.ఆర్. (మావళ్లి టిఫిన్ రూమ్స్, 1924 నాటిది) కి వెళ్లండి, రవ్వ ఇడ్లీ తప్పకుండా తినిపించండి. గాంధీ బజార్ విద్యార్థి భవన్ (1943) మసాలా దోసె మందంగా, ఎర్రగా, కరకరలాడుతూ ఉంటుంది. ఎం.టి.ఆర్.కి సోమవారం, విద్యార్థి భవన్‌కి శుక్రవారం సెలవు. ఆదివారం వద్దు, మామూలు రోజున పొద్దున్నే వెళ్లండి.

బెంగళూరు సాంబారులో బెల్లం తగులుతుంది, అమ్మగారికి ముందే చెప్పండి. మన అన్నం, పప్పు మీద మనసు పోతే రెసిడెన్సీ రోడ్డు నాగార్జునలో అరిటాకు భోజనం ఉంది.

ఇవేవీ దగ్గర్లో లేకపోతే ఆటో అతన్ని "మంచి హోటల్ ఏది?" అనకండి, "మీరు పొద్దున ఎక్కడ తింటారు?" అని అడగండి.