టెక్ సందేహాలు: మిషిగన్ సరస్సు, చిన్న పడవ, తెర మీది అంకెలు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో అయిదు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. అవి షికాగో, మిల్వాకీ, గ్రాండ్ రాపిడ్స్ పరిసరాల్లో స్థిరపడి, వేసవి శనివారాల్లో పదహారు, పద్దెనిమిది అడుగుల పడవను కారు వెనక తగిలించుకుని మిషిగన్ సరస్సుకు వెళ్లే పాఠకులు రాసినవి. ట్రోలింగ్ అనగానే ఈ శీర్షిక చదివేవారికి సోషల్ మీడియా గుర్తుకు రావచ్చు. ఇక్కడ మాత్రం నెమ్మదిగా సాగే పడవ వెనక ఎరలను లాగుతూ ట్రౌట్, సాల్మన్ చేపలను పట్టే పద్ధతికి ఆ పేరు. 494 కిలోమీటర్ల పొడవు, 281 మీటర్ల వరకు లోతు ఉన్న ఆ సరస్సుకు సాల్మన్ సొంత చేప కాదు. సముద్రపు లాంప్రే అనే పరాన్నజీవి అక్కడి లేక్ ట్రౌట్‌ను తుడిచిపెట్టాక, తినేవారు లేని ఏల్‌వైఫ్ అనే చిన్న చేప విపరీతంగా పెరిగిపోయింది. దానికి విరుగుడుగా మిషిగన్ రాష్ట్ర మత్స్యశాఖను నడిపిన హోవర్డ్ టానర్ 1966లో కోహో సాల్మన్ పిల్లలను, మరుసటి ఏడాది చినూక్ పిల్లలను నదుల్లో వదిలించారు. ఇక ప్రశ్నల్లోకి వెళదాం.

ప్రశ్న: ఉపగ్రహం ఇచ్చే నీటి ఉష్ణోగ్రతల మ్యాప్‌ను ఫోన్‌లో చూసుకుని వెళ్తున్నాను. చినూక్‌కు నచ్చేది 50 నుంచి 55 డిగ్రీల ఫారన్‌హీట్ అంటారు. ఆగస్టులో సరస్సంతా 70 డిగ్రీలు చూపిస్తోంది. మ్యాప్ తప్పా, చేపలు లేవా?

మ్యాప్ తప్పు కాదు, చేపలూ ఉన్నాయి. ఉపగ్రహం కొలిచేది నీటి పైపొర వేడిని మాత్రమే. ఆగస్టులో పైన 70 డిగ్రీలున్న చోటే యాభై, అరవై అడుగులు దిగితే నీరు 50 డిగ్రీలకు చల్లబడి ఉండవచ్చు. ఈ మార్పు నెమ్మదిగా జరగదు, కొద్ది అడుగుల మందంలోనే ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోతుంది. ఆ పొరనే థర్మోక్లైన్ అంటారు. నీటిలోకి ధ్వనిని పంపి కిందున్నవాటిని తెర మీద చూపే ఫిష్ ఫైండర్‌లో సెన్సిటివిటీని కాస్త పెంచితే అది పొగమంచు పట్టీలా తెర మీద అడ్డంగా కనిపిస్తుంది కూడా. ఏప్రిల్, మే నెలల్లో ఒడ్డు దగ్గరి నీరు ముందుగా వేడెక్కినప్పుడు పైపొర మ్యాప్ మీకు నేరుగా పనికొస్తుంది. వేసవిలో దాన్ని వేరే పనికి వాడుకోవాలి. దక్షిణపు గాలి రెండు మూడు రోజులు వదలకుండా వీస్తే, భూభ్రమణం వల్ల పైనీరు గాలి సాగే దిశకు కుడిపక్కకు, అంటే తూర్పుకు జరుగుతుంది. మిల్వాకీ వైపు తీరంలో ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లనీరు ఎగదన్నుకొస్తుంది. ఉత్తరపు గాలికి ఇదే పని అవతలి ఒడ్డున జరుగుతుంది. మ్యాప్‌లో తీరం వెంబడి నీలిరంగు చార కనిపించిందంటే చేపలు ఆ ఉదయం ఒడ్డుకు దగ్గరగా, తక్కువ లోతులో ఉండే అవకాశం పెరిగినట్టే. కాబట్టి మ్యాప్‌తో పాటు గడచిన మూడు రోజుల గాలి వాటాన్ని కూడా చూడండి. మన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ విశాఖ, కాకినాడ మత్స్యకారులకు ఇచ్చే చేపల జాడ సూచనలకు ఆధారం కూడా ఉపగ్రహాలు చూసిన పైనీటి ఉష్ణోగ్రత, నీటిలోని పచ్చదనమే. అక్కడైనా ఇక్కడైనా ఆ సమాచారం ఎటు వెళ్లాలో చెబుతుంది, ఎంత లోతుకు దించాలో చెప్పదు.

ప్రశ్న: జీపీఎస్‌లో గంటకు 2.4 మైళ్ల వేగం పెట్టుకుని ఉత్తరానికి వెళ్తే చేపలు పడుతున్నాయి. అదే వేగంతో, అదే దారిలో దక్షిణానికి తిరిగి వస్తే ఒక్కటీ తగలడం లేదు. జీపీఎస్ పాడైందా?

ఈ వారం వచ్చినవాటిలో ఇదే మంచి ప్రశ్న కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. జీపీఎస్ కొలిచేది భూమితో పోల్చినప్పుడు మీ పడవ వేగాన్ని. ఎరకు తెలిసేది మాత్రం తన చుట్టూ ఉన్న నీటితో పోల్చినప్పుడు తన వేగమే. సరస్సు నిలవనీరు అనుకుంటాం గానీ మిషిగన్ సరస్సులో గాలి తోసే ప్రవాహాలుంటాయి, పైన ఒక దిక్కుకూ అరవై అడుగుల కింద మరో దిక్కుకూ అవి సాగుతుండవచ్చు. కింద అర మైలు వేగంతో ప్రవాహం దక్షిణానికి పోతోందనుకోండి. మీరు ఉత్తరానికి వెళ్లేటప్పుడు ఎరకు తగిలే వేగం 2.9, దక్షిణానికి వచ్చేటప్పుడు 1.9. తెర మీద రెండుసార్లూ 2.4 అనే ఉంటుంది. ఎర ఉన్న లోతులోని నీటిలో రెండు దారుల మధ్య మైలు తేడా వస్తే, ఒక దారిలో చురుగ్గా తళతళలాడే స్పూన్ (చెంచాలాంటి లోహపు ఎర) రెండో దారిలో చచ్చినదానిలా వేలాడుతుంది.

దీనికి ఎరను లోతుకు దించే బరువైన గుండు దగ్గరే వేగాన్నీ, ఉష్ణోగ్రతనూ కొలిచే ప్రోబ్‌లు దొరుకుతాయి. రేడియో తరంగాలు నీటిలో దూరం పోలేవు కనుక వీటిలో కొన్ని తమ కొలతలను ధ్వని రూపంలో పైకి పంపుతాయి, పడవ వెనక బిగించిన రిసీవర్ వాటిని అందుకుంటుంది. మరికొన్నింటిలో డౌన్‌రిగ్గర్ (గుండును తీగతో దించే పరికరం) తీగే సంకేతాలను మోస్తుంది. ధర తక్కువేమీ కాదు. అయినా కొత్త ఫిష్ ఫైండర్‌కు పెద్ద స్క్రీన్ కోసం పెట్టే డబ్బును ముందు దీనికి పెట్టడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే మీ పరికరాలన్నిటిలో ఎర ఉన్నచోటి సంగతి చెప్పేది ఇదొక్కటే.

ప్రోబ్ కొనేదాకా కళ్లతో పని నడపవచ్చు. కిందటి ఆగస్టులో ఒక మిత్రుడి పడవలో కూర్చుని నేనే ఈ తేడాను చూశాను. ఉత్తరానికి వెళ్తున్నప్పుడు డౌన్‌రిగ్గర్ తీగ బాగా వెనక్కి వాలి, సన్నగా జుమ్మని మోగుతోంది, గాలపు కర్ర కొన బిగువుగా వంగి గబగబా కొట్టుకుంటోంది. వెనక్కి తిరగగానే మోత ఆగింది, తీగ దాదాపు నిటారుగా నిలిచింది, కర్ర కొన ఎప్పుడో ఒకసారి తల ఊపినట్టు కదిలింది. మిత్రుడు జీపీఎస్‌ను చూడకుండా, తీగ మళ్లీ మొదటి వాలుకు వచ్చేదాకా ఇంజన్ పెంచాడు. తెర మీద 3.1 కనిపించింది, పావుగంటలో కర్ర వంగింది.

ఆ వాలు మరో సంగతి కూడా చెబుతుంది. డౌన్‌రిగ్గర్ మీది కౌంటర్ చూపేది విడిచిన తీగ పొడవును, లోతును కాదు. వంద అడుగులు విడిచినప్పుడు తీగ నిటారు నుంచి 30 డిగ్రీలు వాలితే గుండు సుమారు 87 అడుగుల దగ్గరే ఉంటుంది. థర్మోక్లైన్ కొద్ది అడుగుల మందమే అన్నాను కదా, పదమూడు అడుగుల పొరపాటు మీ ఎరను వెచ్చని నీటిలో వృథాగా తిప్పుతుంది. ఎనిమిది పౌన్ల గుండు బదులు పన్నెండు పౌన్లది కట్టితే వాలు తగ్గుతుంది.

ప్రశ్న: ఫిష్ ఫైండర్‌లో పెద్ద విల్లులా కనిపిస్తే పెద్ద చేప అని యూట్యూబ్‌లో చెప్పారు. నాకు విల్లులు రావు, గీతలే వస్తున్నాయి. ట్రాన్స్‌డ్యూసర్ మార్చాలా?

పడవ కింద నుంచి ధ్వనిని పంపి ప్రతిధ్వనిని అందుకునే ఆ భాగాన్ని మార్చనక్కరలేదు. చేప ఆ ధ్వని (సోనార్) కిరణపు అంచులోకి వచ్చినప్పుడు కాస్త దూరంగా, సరిగ్గా కిందకు వచ్చినప్పుడు దగ్గరగా, వెళ్లిపోయేటప్పుడు మళ్లీ దూరంగా నమోదవుతుంది, విల్లు ఆకారం అందుకే వస్తుంది. ఇప్పుడు లెక్క చూడండి. 200 కిలోహెర్ట్జ్ వద్ద కిరణం 20 డిగ్రీల వెడల్పు అనుకుంటే, వంద అడుగుల లోతున్న చేపకు అంచులో కొలిచిన దూరం 101.5 అడుగులు. తేడా ఒకటిన్నర అడుగు మాత్రమే. 150 అడుగుల లోతును 800 పిక్సెళ్ల ఎత్తున్న తెర మీద పరిస్తే ఆ ఒకటిన్నర అడుగుకు దక్కేవి ఎనిమిది పిక్సెళ్లు, అందుకే మీకు గీతలా కనిపిస్తోంది. చేపలున్న ముప్పై, నలభై అడుగుల పట్టీని మాత్రమే జూమ్ చేసి చూడండి, విల్లులు వాటంతటవే వస్తాయి. విల్లు పొడవు చేప కిరణంలో ఎంతసేపు ఉందో చెబుతుంది తప్ప దాని బరువును చెప్పదు. పడవతో పాటే ఈదే చిన్న చేప కూడా తెర నిండా గీత గీయగలదు. పొడవు కన్నా మందాన్ని నమ్మండి. తెర మీద చేప బొమ్మలు వేసే ఫిష్ ఐడీ సదుపాయాన్ని ఆపేయండి, అది పిల్లల ఆటకు బాగుంటుంది.

ప్రశ్న: 55 పౌన్ల థ్రస్ట్ ఎలక్ట్రిక్ మోటారుకు 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ పెడితే రోజంతా ట్రోలింగ్ చేయవచ్చా? దానికే ఫిష్ ఫైండర్ కూడా కలిపితే స్క్రీన్ నిండా చుక్కలు వస్తున్నాయి.

ఆ మోటారు పూర్తి వేగంతో దాదాపు 50 ఆంపియర్లు లాగుతుంది, అంటే రెండు గంటలు. వేగం తగ్గిస్తే ఖర్చు చాలా ఎక్కువగా తగ్గుతుంది, కానీ గాలికి ఎదురుగా, రెండు గుండ్లను ఈడుస్తూ 2.5 మైళ్లను నిలబెట్టాలంటే రోజంతా రాదు. అక్కడి చిన్న పడవలవాళ్లు చాలామంది చేసేదే సబబు: తోయడానికి ఎనిమిది, పది గుర్రాల చిన్న పెట్రోలు మోటారు, దిక్కు తప్పకుండా పట్టుకోవడానికి ముందు భాగంలో జీపీఎస్ ఉన్న ఎలక్ట్రిక్ మోటారు. చుక్కలకు కారణం ఎలక్ట్రిక్ మోటారులోని వేగ నియంత్రణ సర్క్యూట్. ఫిష్ ఫైండర్‌కు చిన్న బ్యాటరీని విడిగా పెట్టి, దాని వైర్లను మోటారు వైర్లకు దూరంగా నడపండి. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల సెల్సియస్‌కు దిగువన చార్జ్ చేయకూడదు. ఏప్రిల్ తెల్లవారుజామున గరాజ్‌లో ఈ మాట గుర్తుంచుకోండి.

ప్రశ్న: నా దగ్గర శాటిలైట్ ఎస్‌ఓఎస్ ఉన్న ఐఫోన్, ఆఫ్‌లైన్ మ్యాపులు ఉన్నాయి. చాలాసార్లు ఒక్కడినే వెళ్తాను. వీహెచ్‌ఎఫ్ రేడియో అనవసర ఖర్చు కాదా?

కాదు. ఫోన్‌లో మీ మాట వినేది ఒక్కరు. పడవల్లో మాట్లాడుకోవడానికి వాడే వీహెచ్‌ఎఫ్ రేడియోలో, 16వ చానల్‌లో మీ మాటను కోస్ట్ గార్డ్‌తో పాటు చుట్టుపక్కల రేడియో తెరిచి ఉంచిన ప్రతి పడవా వింటుంది, నిజానికి ముందుగా మీ దగ్గరకు చేరేది అర మైలు దూరంలో చేపలు పడుతున్న మరో మనిషే. 1967 సెప్టెంబరు 23న ప్లాట్ బే దగ్గర కోహో మోజులో వెళ్లిన చిన్న పడవలను తుఫాను ముంచేసి ఏడుగురిని పొట్టనపెట్టుకుంది. సరస్సు స్వభావం అప్పటికీ ఇప్పటికీ మారలేదు. అలలు సముద్రంలోకన్నా దగ్గర దగ్గరగా, నిటారుగా లేస్తాయి. బయలుదేరే ముందు జాతీయ వాతావరణ సేవ ఇచ్చే తీరప్రాంత సూచనను చదవండి, అది ఒడ్డు నుంచి అయిదు నాటికల్ మైళ్ల వరకే వర్తిస్తుంది.

ఒంటరిగా వెళ్తానన్నారు కాబట్టి, పడవను తనంతట తానే దారిలో నడిపే ఆటోపైలట్ గురించి హెచ్చరించాలి. మీరు నీటిలో పడితే పడవ ఆగదు, అదే 2.4 మైళ్ల వేగంతో, తిన్నగా, మిమ్మల్ని వదిలి వెళ్లిపోతుంది. బట్టలతో ఈదుతూ దాన్ని అందుకోలేరు. 2021 ఏప్రిల్ నుంచి 26 అడుగులలోపు మోటారు పడవల్లో ఇంజన్ కటాఫ్ స్విచ్ (ఒంటికి తాడుతో కట్టుకుంటే, మనిషి పడిపోగానే ఇంజన్‌ను ఆపేది) వాడటం అమెరికాలో తప్పనిసరి. ట్రోలింగ్ లాంటి నెమ్మది వేగాలకు ఆ చట్టం మినహాయింపు ఇస్తుంది, మీరు మాత్రం ఆ మినహాయింపును వాడుకోకండి. తాడుకు బదులు మెడలో వేసుకునే వైర్‌లెస్ బిళ్లలు వచ్చాయి, పడవలో అటూ ఇటూ తిరగడానికి అవే హాయి. కొనేటప్పుడు అది పెట్రోలు మోటారుతో పాటు ముందున్న ఎలక్ట్రిక్ మోటారును కూడా ఆపగలదా అని అడిగి తెలుసుకోండి. లైఫ్ జాకెట్‌ను సీటు కింద పెట్టకుండా ఒంటి మీద ఉంచుకోండి, నీటిలో తేలే చేతి వీహెచ్‌ఎఫ్‌ను దానికే తగిలించుకోండి.

పడవకు బిగించే రేడియో అయితే 25 వాట్లది, ఎత్తయిన యాంటెన్నాతో తీసుకోండి, వాట్ల కన్నా యాంటెన్నా ఎత్తే దూరాన్ని నిర్ణయిస్తుంది. దాని మీద మూత కింద, ఆపదలో నొక్కే ఎర్ర బటన్ ఉంటుంది. నొక్కి పట్టుకుంటే మీ పడవ గుర్తింపు సంఖ్యనూ, జీపీఎస్ కలిపి ఉంటే మీరున్న చోటునూ 70వ చానల్‌లో డిజిటల్‌గా ప్రకటిస్తుంది. ఎంఎంఎస్ఐ అనే ఆ తొమ్మిది అంకెల సంఖ్యను ముందే నమోదు చేసుకోకపోతే బటన్ ఉన్నా ప్రయోజనం లేదు. మిషిగన్ సరస్సు మొత్తం అమెరికాలోనే ఉంది కనుక దేశీయ నమోదు చాలు, హ్యూరాన్ మీదుగా కెనడా జలాల్లోకి వెళ్లేవారికే వేరే లైసెన్సు కావాలి. చాలా రేడియోలు ఈ సంఖ్యను ఒకటి రెండుసార్లే ఎక్కించుకోనిస్తాయి, తప్పుపడితే డీలర్ దగ్గరకు పంపాలి. కాగితం మీద రాసుకుని, ఇంకొకరితో చదివించి సరిచూసుకున్నాకే ఆ సంఖ్యను రేడియోలో ఎక్కించండి.