మూడు లక్షల కెమెరా కొనే ముందు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. అబ్బాయి ప్లస్ టూ సైన్స్ పూర్తిచేశాడు. బరంపురంలో ఇంజనీరింగ్ సీటు చూశాం. నాలుగేళ్ళకు ఆరేడు లక్షలవుతుందన్నారు, సరేనన్నాం. వాడేమో చేరనంటున్నాడు, పెళ్ళిళ్ళ ఫోటోగ్రఫీలోకి వెళ్తాడట. కెనాన్ ఆర్6 మార్క్ 2 మిర్రర్‌లెస్, లెన్సుతో కలిపి మూడు లక్షల దాకా అవుతోంది. ఇక్కడే స్టూడియో నడిపే మా బావమరిది ‘డీఎస్ఎల్ఆర్‌తోనే ఇల్లు కట్టాను, వాడికీ అదే చాలు’ అంటున్నాడు. ఏది కొంటే వాడి భవిష్యత్తుకు మంచిది? ఫోటోలు తీసేవాడికి రేపు పిల్లనెవరిస్తారని ఇంట్లో ఒకటే గొడవ.

జవాబు: అయ్యా, ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఈ ప్రశ్న నా దగ్గరికి వస్తుంది. కెమెరా పేరు మారుతుంది, అంతే. మీరు అడిగింది కెమెరా గురించే అయినా, మూడు లక్షలు పోశాక ఏడాదికే వాడు వదిలేస్తే నలుగురికీ ఏం చెప్పుకోవాలన్నదే మీ బెంగ. ఆ బెంగ సహజమే. ఏ కెమెరా కొన్నా అది మాత్రం తీరదు.

అడిగారు కాబట్టి ముందు కెమెరా సంగతి. డీఎస్ఎల్ఆర్ అంటే లోపలి అద్దం మీద పడే బొమ్మను చూసి తీసే పాత రకం, మిర్రర్‌లెస్ అంటే ఆ అద్దం లేకుండా చిన్న తెర మీద చూసి తీసే కొత్త రకం. కంపెనీల వరకు ఈ పోటీ తేలిపోయింది. 2008లో పానసోనిక్ జీ1తో మిర్రర్‌లెస్ మొదలైంది. 2013లో సోనీ ఏ7 పాత ఫిల్మంత పెద్ద సెన్సరు, అంటే ఫుల్ ఫ్రేమ్‌తో వచ్చింది. 2018లో నికాన్, కెనాన్ కూడా ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లోకి దిగాయి. వాళ్ళ అగ్రశ్రేణి డీఎస్ఎల్ఆర్‌లు కెనాన్ 1డీ ఎక్స్ మార్క్ 3, నికాన్ డీ6 రెండూ 2020వి. ఆ స్థాయి డీఎస్ఎల్ఆర్ ఆ తర్వాత ఆ రెండు కంపెనీల నుంచీ రాలేదు. వాళ్ళ కొత్త లెన్సులన్నీ ఇప్పుడు మిర్రర్‌లెస్‌కే.

పని దగ్గర తేడా ఎలా ఉంటుందో చెబుతాను. జీలకర్ర బెల్లం వేళ అడ్డుతెర దించుతారు. పెళ్ళికూతురు తల వంచుకుని ఉంటుంది, పైనుంచి అక్షతలు పడుతుంటాయి, మధ్యలో పురోహితుడి చెయ్యి అడ్డొస్తుంది. చాలా డీఎస్ఎల్ఆర్‌లలో ఫోకస్ పాయింట్లు ఫ్రేము నడుమనే గుంపుగా ఉంటాయి. మిర్రర్‌లెస్ అయితే దాదాపు అంచుదాకా వెతికి కన్నును పట్టుకుంటుంది. వెలుగు ఎక్కువైందో తక్కువైందో కూడా బటన్ నొక్కకముందే, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లో తెలిసిపోతుంది. అయితే అదే కెమెరాను చప్పుడు రాని సైలెంట్ షట్టర్‌లో పెట్టి మండపం ఎల్ఈడీ లైట్ల కింద తీస్తే ఫోటోలో అడ్డంగా చారలు పడొచ్చు. ఆ చారలు కడిగినా పోవు, ఆ ముహూర్తం మళ్ళీ రాదు. బ్యాటరీ సంగతీ చూడండి. ఒకే ప్రమాణంతో కట్టిన లెక్కలో నికాన్ డీ750 ఒక చార్జికి 1,230 ఫోటోలు తీస్తే, 2018 నాటి జెడ్6 తీసేది 310. వాడుకలో అంతకంటే ఎక్కువే వస్తాయి కానీ, అర్ధరాత్రి ముహూర్తానికి వెళ్ళేవాడు సంచిలో మూడు బ్యాటరీలైనా పెట్టుకోవాల్సిందే.

కాబట్టి వాడు చెప్పిందీ నిజమే, మేనమామ చెప్పిందీ నిజమే. ఆల్బమ్ తిప్పే పెళ్ళివారు అది ఏ కెమెరాతో తీశారని అడగరు.

నా గుబులంతా ఈ దారి మీదే. ఇవాళ ఏ ఊళ్ళో చూసినా ‘కాండిడ్’ బోర్డు, పేజీ నిండా రీల్స్. ఈఎంఐ మీద కెమెరా కొంటారు, మొదటి ఏడు చుట్టాల పెళ్ళిళ్ళతో గడుస్తుంది. రెండో ఏడు పక్కవాడు ఐదు వేలు తగ్గిస్తే వీళ్ళు ఎనిమిది తగ్గిస్తారు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఖాళీ. మూఢం వచ్చిందని ఈఎంఐ ఆగదు. పెళ్ళయ్యాక బ్యాలెన్సు కోసం తిరిగే తిరుగుడు ఏ రీల్‌లోనూ కనిపించదు. పైగా మూడు నాలుగేళ్ళకో కొత్త మార్క్ వస్తుంది, పాత కెమెరా ధర పడిపోతుంది.

మీ వైపు పిల్లల్లో ఇంకో మోజూ చూస్తున్నాను. చిలికా పక్షులు, భేత్నోయి కృష్ణజింకలు, రుషికుల్య దగ్గర గుడ్లు పెట్టే తాబేళ్ళు అన్నీ దగ్గర్లోనే ఉండేసరికి, పెద్ద జూమ్ లెన్సు ఉంటే వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ అయిపోవచ్చనుకుంటారు. తీయనివ్వండి, కన్ను పదునెక్కుతుంది. దాని మీద ఇల్లు గడుస్తుందని మాత్రం ఎవరు చెప్పినా నమ్మకండి.

ఇక మీతో కాస్త గట్టిగానే మాట్లాడాలి. ఇష్టం లేని ఇంజనీరింగ్‌కు ఆరేడు లక్షలు సరేనన్నారు. అది చదివితే ఉద్యోగం గ్యారంటీయా అని ఒక్క మాట అడగలేదు. గ్యారంటీ కావాల్సింది కెమెరాకేనా? మీ ఉత్తరంలో మోడల్ నంబరు ఉంది, ధర ఉంది, పెళ్ళి సంబంధాల దాకా ఉంది. వాడు తీసిన ఒక్క ఫోటో గురించి లేదు. మీరు చూశారా అసలు? ఫోన్‌తో తీసినవైనా సరే, ఒక సాయంత్రం పక్కన కూర్చుని చూడండి. ఇది ఎందుకు తీశావు, ఇక్కడే ఎందుకు నిలబడ్డావు అని అడగండి. వాడి దగ్గర జవాబుంటే మీ భయం సగం తగ్గుతుంది.

ప్రస్తుతానికి ఏ కెమెరా కొనొద్దు. వచ్చే లగ్గాలకు మేనమామ వెంట పంపండి. ముందు లైటు పట్టుకుంటాడు, తర్వాత రెండో కెమెరా పట్టుకుంటాడు. ఆల్బమ్ డిజైన్, ఎడిటింగ్, అడ్వాన్సు మాట్లాడటం అక్కడే వస్తాయి. చదువు మానిపించకండి, ఊళ్ళోనే ఎస్‌కేసీజీ కాలేజీ ఉంది, డిగ్రీలో చేర్చండి. ఏడాదికి వదిలేశాడే అనుకుందాం, డిగ్రీ సగంలో ఉంటుంది, అప్పు ఉండదు. వాడు చెడిపోయినట్టు కాదు.

నిలబడ్డాడంటే అప్పుడు సెకండ్ హ్యాండ్ కెనాన్ డీఎస్ఎల్ఆర్, ఒక 50 ఎంఎం లెన్సు కొనివ్వండి. కొనే ముందు షట్టర్ కౌంట్, అంటే అది ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీసిందో అడగమనండి. రేపు మిర్రర్‌లెస్‌కు మారినా పాత లెన్సును కొత్త కెమెరాకు తగిలించే కెనాన్ అడాప్టర్ మీద ఆ ఈఎఫ్ (డీఎస్ఎల్ఆర్ రకం) లెన్సు ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తుంది, ఆ డబ్బు వృథా కాదు. నికాన్ అయితే జాగ్రత్త, పాత ఏఎఫ్-డీ లెన్సులకు వాళ్ళ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద ఆటోఫోకస్ రాదు. మిర్రర్‌లెస్ కొనే రోజున సగమైనా వాడి సంపాదన నుంచి పెట్టించండి.

పద్ధతిగా చదువుతానంటే హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూ (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో ఫోటోగ్రఫీ బీఎఫ్ఏ డిగ్రీ ఉంది. కటక్ బిజూ పట్నాయక్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సినిమాటోగ్రఫీ ఉంది. ముందు స్థానికత నిబంధనలు చూసుకోండి.

మీ వాడికి పెట్టుబడి లేకుండా వచ్చిన ఆస్తి ఒకటుంది. తెలుగు, ఒడియా రెండూ వచ్చు. ఆంధ్ర వైపు పాతపట్నంలో తలంబ్రాలకైనా, బరంపురంలో వధూవరుల చేతులు ముడివేసే హాతగంఠికైనా తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిసి సరైన చోట నిలబడగలడు. రాష్ట్ర హద్దుకు రెండు వైపులా ఆర్డర్లు పట్టగలడు. బయటి ఊరి నుంచి వచ్చే టీములకు ఇది అంత తేలిగ్గా రాదు.

బావమరిదితో మాత్రం ముందే మాట్లాడుకోండి. మొదటి సీజన్ బస్సు ఖర్చులు, తర్వాత ఈవెంటుకింత అని తేల్చుకోండి. ఫోటో చెడగొడితే సరిదిద్దే పని ఆయనకే వదిలేయండి. ఇంటికొచ్చాక మీరు మళ్ళీ మొదలుపెట్టకండి.