ఫీజు తక్కువైన సీటే చవకైన సీటా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇక్కడి ఒక ప్రైవేటు బడిలో నాలుగు, ఐదు తరగతులకు పాఠాలు చెబుతున్నాను. జీతం 11,000 రూపాయలు. సాయంత్రం ఇంట్లో చెప్పే ట్యూషన్లపై మరో 4,500 వస్తుంది. మావారు గుణుపురంలో అకౌంట్లు చూస్తారు, చేతికి 31,000 అందుతుంది. పాప వచ్చే ఏడాది పదో తరగతి, బాబు ఆరో తరగతి. అత్తగారికి షుగరు. బీఈడీ చేస్తే హైస్కూలు తరగతులు ఇచ్చి జీతం 18,000 చేస్తామని మా హెడ్మాస్టరు గారు అంటున్నారు. బరంపురంలో ప్రభుత్వ సీటు వచ్చేలా ఉంది, రెండేళ్లకూ ఫీజు 20,000 దాటదు. సరిహద్దు అవతల ఆంధ్రలోని టెక్కలి వైపు ఒక ప్రైవేటు కళాశాల మేనేజ్‌మెంట్ కోటాలో సీటు ఇస్తామంటోంది, అక్కడ 1,10,000. మాకు 1,80,000 ఎఫ్‌డీ, పాప పేర సుకన్య ఖాతా, ఆరు వాయిదాలు మిగిలిన లక్ష రూపాయల చీటీ, కొద్దిగా బంగారం ఉన్నాయి. సుకన్య డబ్బు తీయవచ్చని మావారు, బంగారం తాకట్టు పెట్టవచ్చని మా అన్నయ్య అంటున్నారు. హాజరు అక్కర్లేని కళాశాలలు ఉన్నాయని, ఉద్యోగం వదలనక్కర్లేదని ఇంకొకరు చెప్పారు. ఈ వయసులో ఏది చేయడం మంచిది?
(పాఠకురాలు, పర్లాకిమిడి)

సమాధానం: అమ్మా, హాజరు అక్కర్లేదని మీరు చివర రాసిన మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా లెక్కంతా దానిపైనే ఆధారపడి ఉంది. బీఈడీ రెండేళ్ల పూర్తికాలపు కోర్సు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల ప్రకారం ఏడాదికి 200 పనిదినాలు, వారానికి కనీసం 36 గంటలు కళాశాల నడవాలి. తరగతులకు 80 శాతం, బడుల్లో చేసే ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. ఇంటర్న్‌షిప్ మొత్తం 20 వారాలైతే అందులో 16 వారాలు రెండో ఏడాదిలోనే వస్తాయి. ఉద్యోగం చేస్తూ దీన్ని పూర్తిచేయడం సాధ్యం కాదు. హాజరు లేకుండా సర్టిఫికెట్ ఇప్పిస్తామని సరిహద్దు ఊళ్లలో తిరిగే దళారులకు మీరు కట్టే డబ్బుకు రసీదు ఉండదు, రేపు ఏ నియామకంలోనైనా ఆ సర్టిఫికెట్‌ను ప్రశ్నిస్తే మీ తరఫున మాట్లాడేవారూ ఉండరు. ఇగ్నో దూరవిద్యా బీఈడీ కూడా మీకు కుదరదు. అది ఇప్పటికే ఉపాధ్యాయ శిక్షణ పొందినవారికి ఉద్దేశించినది, మీకేమో డిగ్రీ తప్ప వేరే శిక్షణ లేదని రాశారు. కనుక రెండేళ్ల జీతం, అంటే 2,64,000 రూపాయలు, రాదనే అనుకుని ముందుకు వెళ్లాలి. ఈ చదువులో అతి పెద్ద ఖర్చు ఇదే అయినా, ఫీజు కాగితంలో కనబడదు కనుక మీ ఇంట్లో ఎవరూ దాన్ని లెక్కలో వేసినట్టు లేదు.

ఇక రెండు సీట్ల సంగతి. ఇరవై ఏళ్ల అమ్మాయి అయితే బరంపురమే మంచిదని రెండో ఆలోచన లేకుండా చెప్పేవాణ్ణి. మీ విషయంలో ఫీజు పక్కన పెట్టి ఇల్లు నడిచే తీరు చూడాలి. మీరు రాసిన ధరలతోనే లెక్క వేశాను. బరంపురంలో గది, భోజనం నెలకు 6,500 చొప్పున చదువు సాగే 20 నెలలకు 1,30,000 అవుతుంది. వారం వారం ఇంటికి రాకపోకలకు 24,000 అనుకుందాం. మీరు లేని ఇంట్లో వంటకు, అత్తగారిని చూసుకోవడానికి మనిషిని పెడితే నెలకు 4,000 చొప్పున 80,000. ట్యూషన్లు పూర్తిగా ఆగిపోతాయి, అది 90,000. ఫీజుతో కలిపితే 3,44,000. టెక్కలి సీటుకు ఫీజు 1,10,000, బస్సుకు రోజుకు 90 చొప్పున రెండేళ్లకు 36,000, అంట్లకు, బట్టలకు మాత్రమే పనిమనిషిని పెడితే 30,000. మొత్తం 1,76,000. ఫీజులో 90,000 తక్కువగా కనిపించిన సీటు, ఇంటి ఖర్చుల దాకా వచ్చేసరికి 1,68,000 ఎక్కువవుతోంది. రోజూ ఉదయాన్నే సరిహద్దు దాటి పాతపట్నంలో బస్సు అందుకోవాలంటే, ఆలోగా నాలుగు క్యారియర్లు సర్ది అత్తగారికి మందులు చేతికి ఇచ్చి బయలుదేరాలంటే ఎంత కష్టమో నాకు తెలియక ఈ మాట చెప్పడం లేదు. అయినా రాత్రికి ఇంట్లో ఉంటారు, సాయంత్రం ట్యూషన్ సాగుతుంది, పాప పదో తరగతి చదివే ఏడాది మీరు ఆమె పక్కన ఉంటారు. నా మొగ్గు టెక్కలి వైపే. అయితే ఆ కళాశాలకు ఉపాధ్యాయ విద్యా మండలి గుర్తింపు ఇప్పటికీ అమల్లో ఉందో లేదో, విశ్వవిద్యాలయ అనుబంధం ఈ ఏడాదికి ఉందో లేదో మండలి వెబ్‌సైటులో, విశ్వవిద్యాలయంలో మీరే సరిచూసుకోవాలి. కళాశాల వారు చూపే కాగితంతో తృప్తిపడవద్దు.

ఈ చదువు తన ఖర్చు తాను రాబట్టుకుంటుందా అన్నది తరువాతి ప్రశ్న. టెక్కలి సీటుకు పోయే జీతం, ఫీజు, ప్రయాణం, పనిమనిషి, పరీక్షలు, రికార్డులు, వడ్డీ అన్నీ కలిపి సుమారు 4,87,000 అవుతుంది. జీతం నిజంగా 11,000 నుంచి 18,000 అయితే ఏడాదికి 84,000 ఎక్కువ వస్తుంది, అంటే ఆరేళ్లలోపే, మీకు 46 ఏళ్లు వచ్చేసరికి, పెట్టినది తిరిగి వస్తుంది. తరువాత పన్నెండేళ్ల సర్వీసు మిగిలి ఉంటుంది కనుక ఇది మంచి పెట్టుబడే. కానీ ఆ 18,000 కాస్తా 14,000 దగ్గర ఆగితే అదే డబ్బు రావడానికి పదమూడున్నర ఏళ్లు పడుతుంది. ప్రైవేటు బడులు ఇలాంటి హామీని కాగితం మీద రాసివ్వవు. అందుచేత పర్లాకిమిడిలోనూ, పాతపట్నంలోనూ మరో రెండు మూడు బడుల్లో బీఈడీ ఉన్న హైస్కూలు టీచరుకు ఇప్పుడు ఎంత ఇస్తున్నారో విచారించండి. ఆ సగటు 16,000 కంటే తక్కువైతే ఈ ప్రయత్నాన్ని మళ్లీ ఆలోచించుకోవాలని నా అభిప్రాయం.

ప్రభుత్వ ఉద్యోగాన్ని ఈ లెక్కలో నేను వేయలేదు, మీరూ వేయవద్దు. పదో తరగతి తెలుగు మాధ్యమంలో చదివానన్నారు. ఒడిశా ఉపాధ్యాయ నియామకాల్లో ఒడియాను ఒక భాషగా చదివి ఉత్తీర్ణులై ఉండాలన్న నిబంధన ఉంటుంది. ఆంధ్రలో డీఎస్సీ రాస్తే మీరు స్థానికేతర అభ్యర్థి అవుతారు. పైగా బీఈడీతో ఒకటి నుంచి ఐదు తరగతుల ఉపాధ్యాయ పోస్టులకు అర్హత లేదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తీర్పు చెప్పింది, కాబట్టి మీరు ఇన్నేళ్లుగా బోధిస్తున్న తరగతులకు ఈ సర్టిఫికెట్ ప్రభుత్వ బడిలో పనికిరాదు. కేంద్ర ఉపాధ్యాయ అర్హత పరీక్ష (సీటెట్) ఉత్తీర్ణత మాత్రం ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది కనుక రెండో ఏడాదిలో రాసి పెట్టుకోవడం తెలివైన పని.

ఇప్పుడు నెలవారీ డబ్బు. మీరు పంపిన పట్టీ ప్రకారం ఇంటి అప్పు వాయిదా 9,200, కిరాణా, కరెంటు, పిల్లల ఫీజుల వంటివి 22,000, చీటీ 5,000, సుకన్య 2,000, ఎల్‌ఐసీ 1,300, మందులు 2,000, మొత్తం 41,500. ఇప్పుడు నెలకు 5,000 మిగులుతోంది. చదువు మొదలయ్యాక రాబడి 35,500కు పడిపోతుంది, బస్సు, పనిమనిషి కలిపి ఖర్చు 44,800కు చేరుతుంది. నెలకు 9,300 లోటు. చీటీ వాయిదాలు ఆరు నెలల్లో అయిపోతాయి కనుక తరువాత లోటు 4,300కు తగ్గుతుంది. ఈ లెక్కన 24 నెలల లోటు 1,33,200. సెలవుల్లో బస్సు ఖర్చు ఉండకపోయినా పరీక్షల ముందు కొన్నాళ్లు ట్యూషన్లు ఆపవలసి వస్తుంది, అందుకే ఆ రెంటినీ ఒకదానికొకటి సరిపెట్టాను.

ఈ లోటునూ ఫీజునూ రెంటినీ ఎఫ్‌డీతో, చీటీతో తీర్చవచ్చు గానీ, అప్పుడు చేతిలో ఏమీ మిగలదు. ఇంట్లో పెద్దావిడ ఆరోగ్యం అలా ఉన్నప్పుడు ఆ పరిస్థితికి నేను ఒప్పుకోను. కాబట్టి ఫీజు వరకు, అంటే 1,10,000కు, విద్యారుణం తీసుకోండి. ఈ వయసులో చదువుకు అప్పు ఎవరిస్తారని మీరు సందేహించారు. బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా విద్యారుణ పథకంలో విద్యార్థి వయసుపై పరిమితి లేదు. నాలుగు లక్షల వరకు ఆస్తి తాకట్టు గానీ, మన వంతు వాటా గానీ అడగరు. చదువు కాలం, ఆపై ఒక ఏడాది అసలు కట్టనక్కర్లేదు. ఆ రోజుల్లో వడ్డీని ఎప్పటికప్పుడు కట్టేవారికి రేటులో ఒక శాతం తగ్గింపు కూడా ఆ పథకంలో ఉంది. పది శాతం వడ్డీ అనుకుంటే మొదటి ఏడాది నెలకు 460, రెండో ఏడాది 920 దాకా వస్తుంది. అది కట్టేస్తూ ఉంటే తరువాత మూడేళ్ల వాయిదా సుమారు 3,550 పడుతుంది, పెరిగే జీతంలో అది సగమే. మేనేజ్‌మెంట్ కోటా సీటు కనుక కొన్ని శాఖలు వెనుకాడవచ్చు. అలాంటప్పుడు ఎఫ్‌డీని విరగ్గొట్టకుండా దానిపైనే అప్పు తీసుకోండి, ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం మాత్రమే ఎక్కువ పడుతుంది. విద్యారుణ వడ్డీపై పన్ను మినహాయింపు గురించి ఆలోచించనక్కర్లేదు. మీ వారి జీతానికి కొత్త విధానంలో పన్నే పడదు.

రుణం దొరికితే మీ సొంత డబ్బులో నుంచి నెలవారీ లోటుకు 1,33,200, వడ్డీకి 16,500, పుస్తకాలు, రికార్డులు, పరీక్ష ఫీజులకు 30,000 పోతాయి. ఎఫ్‌డీ 1,80,000, చీటీపై వచ్చే సుమారు 90,000 కలిపి 2,70,000 కదా, అందులో ఇంకా 90,000 మిగులుతుంది. అది రెండు నెలల ఇంటి ఖర్చుకు సమానం. తక్కువే, కానీ లేనిదానికంటే నయం. చీటీని మధ్యలో పాట పాడి తగ్గింపుకు తీసుకోవద్దు, చివరి దాకా ఆగండి. అయితే అది రిజిస్టరైన సంస్థ నడిపేదా, వీధిలో తెలిసినవారు నడిపేదా అన్నది మీరు రాయలేదు. రెండోదైతే ఆ 90,000 చేతికి వచ్చేవరకు లెక్కలో లేనట్టే భావించండి.

సుకన్య డబ్బు విషయంలో మీవారు పొరబడ్డారు. ఆ ఖాతాలో సగం వరకు తీయాలంటే పాప పదో తరగతి పాసవ్వాలి లేదా 18 ఏళ్లు నిండాలి, అది కూడా ఆమె చదువుకే. తల్లి చదువుకు తీసే వీలు లేదు. నెలకు వేసే 2,000ను మాత్రం అవసరమైతే తగ్గించవచ్చు, ఏడాదికి 250 వేసినా ఖాతా చెల్లుబాటులో ఉంటుంది. కానీ మీ రెండో ఏడాది ఇంటర్న్‌షిప్, పాప +2 చేరిక దాదాపు ఒకే కాలంలో వస్తాయి, అప్పుడు ఆ ఖాతా అవసరం పడవచ్చు కనుక దాన్ని చివరి దాకా ముట్టుకోవద్దని నా సలహా. బంగారాన్ని కూడా ఆసుపత్రి అవసరానికి ఉంచండి. ఒడిశా ప్రభుత్వం మహిళలకు నగదు సాయం ఇచ్చే సుభద్ర పథకం గురించి అడిగారు. దానికి ఆహార భద్రత కార్డు గానీ, 2.5 లక్షల లోపు కుటుంబ ఆదాయం గానీ ఉండాలి. మీ రాబడి అందుకు రెట్టింపు కంటే ఎక్కువ, కార్డు లేదని మీరే రాశారు.

మీరు అడగని ఒక్క విషయం. ఆ రెండేళ్లూ ఇల్లు దాదాపు పూర్తిగా మీ వారి జీతం మీదే నిలబడుతుంది, ఆయనకున్న ఎల్‌ఐసీ పాలసీ రక్షణ రెండు లక్షలే. మీరు కళాశాలలో చేరే లోపే ఆయన పేర 50 లక్షల టర్మ్ పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియంపై జీఎస్‌టీ లేదు. ప్రీమియాన్ని ఆ మిగిలే 90,000 నుంచి కట్టవచ్చు.

ఇంటి పని ఎవరు చేయాలన్నది ఆర్థిక సలహాదారు చెప్పవలసిన మాట కాదని మీవారు అనుకోవచ్చు. కానీ పనిమనిషికి నెలకు 1,500 చాలునని నేను వేసిన లెక్క, ఉదయం ఒక పూట వంట, బాబును బడికి సిద్ధం చేయడం ఆయన చూసుకుంటారన్న నమ్మకం మీదే నిలబడింది. ఆయన గుణుపురం వెళ్లే వేళలకు అది కుదరకపోతే ఆ అంకె 3,000 అవుతుంది, మిగులులో నుంచి మరో 30,000 పోతుంది. కనుక చేరే ముందే ఇద్దరూ కూర్చుని ఈ విషయం తేల్చుకోండి. ఆపై ముందు బ్యాంకు శాఖకు వెళ్లి, కళాశాల ఇచ్చే ఫీజుల పత్రం చూపించి రుణం ఇస్తారో లేదో అడగండి. ఆ సమాధానం వచ్చేదాకా సీటు పోతుందని ఎవరెంత తొందరపెట్టినా అడ్వాన్సు కట్టవద్దు.